చప్పట్ల తర్వాత తిప్పవలసిన రికార్డు

ఇది రాయమని నన్ను ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లుంటే రాయవలసిన అవసరమే ఉండేది కాదు. పోయిన నెల కోడుమూరు దగ్గర ఒక ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది. పెద్దలు కార్లు దిగి రాయి దగ్గరికి నడుస్తుంటే మైకులో ఒక పాట వేశారు. ఆ పాట పాడిన మనిషి అంతకు నాలుగు నెలల ముందే చనిపోయాడు. బతికి ఉండి అక్కడే ఉంటే ఆ మైకును పీకి పారేసేవాడు. నాకు అంత ధైర్యం లేదు. చేతనైంది రాయడం. ఆ పాటను అక్కడ వేయడం ఎంత అన్యాయమో, ఆ అన్యాయంలో నా వాటా ఎంతో, రెండూ కాగితం మీద ఉండాలని రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఎందుకో తర్వాత చెబుతాను.

కర్నూలు శివార్లలో మేమిద్దరం ఒకే బండల అంగడిలో పనిచేసేవాళ్లం. ఆయన కడప బండల మీద అక్షరాలు చెక్కేవాడు. చెక్కవలసిన మాటలను తప్పుల్లేకుండా సుద్దతో రాసిపెట్టడం నా పని. నేను పదో తరగతి దాటలేదు. ఆ తర్వాత చదువంతా జిల్లా గ్రంథాలయంలోనే. అక్కడి విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ వరుసగా చదివాను. మూడో సంపుటాన్ని ఎవరో పట్టుకుపోయారు కాబట్టి అందులో ఉన్న సంగతులు మాత్రం నాకు ఇప్పటికీ తెలియవు. ఆయన నన్ను ఎగతాళిగా అయ్యవారూ అని పిలిచేవాడు. నేను అన్నా అనేవాణ్ణి.

ఏది చదవబోయినా ఆయన ముందు దాన్ని ఊదేవాడు. ఉలి కింద లేచే దుమ్మును ఊదకపోతే అక్షరం కనబడదు, అలా పట్టుకున్న అలవాటు అది. పేపరు తెరిచి ఊదేవాడు. బస్సు టికెట్టును ఊదేవాడు. ఫోనులో ఎవరైనా మనవడి ఫొటో చూపిస్తే మనవడి మొహాన్నీ ఊదేవాడు. ఒకసారి పెళ్లిపత్రికను అలాగే ఊదితే ఇచ్చినాయన ఏదో అపశకునం జరిగినట్టు వెనక్కి తీసుకోబోయాడు.

చెక్కడం అయిపోయాక కళ్లు మూసుకుని వేలితో తడిమి చదివేవాడు. పదవులు, బిరుదులు గబగబా దాటేసి ఊరి పేరు దగ్గర వేలు ఆపేవాడు. ఏ శంకుస్థాపన ఫలకంలోనైనా ఊరి పేరును మిగతా అక్షరాలకంటే కాస్త లోతుగా చెక్కడం ఆయన పద్ధతి. యజమాని చూస్తే అరుస్తాడని నేను భయపడేవాణ్ణి.

"పెద్దోళ్ల పేర్లు అరిగిపోనీ అయ్యవారూ. మళ్లా కొత్తోళ్లు వస్తారు. ఊరికి ఇంగో పేరు యాడుండాది?" అనేవాడు.

ఎన్ని రాళ్లు చెక్కాడో ఆయనకే తెలియదు. కాలువలకు, చెరువులకు, మంచినీళ్ల ట్యాంకులకు. కట్టినవీ ఉన్నాయి, అబద్ధం ఆడకూడదు. కట్టనివాటి రాళ్లు కూడా ఆయన చేతి మీదుగానే పోయాయి. ఇవే ఆయన గొంతులో పేరుకున్నాయని నాకు పత్తికొండ దగ్గర ఒక పల్లెలో తెలిసింది.

ఆ పల్లెలో ఎవరి ఇంటికో గడప బండ బిగించడానికి పోయాం. పక్కింటి పెరట్లో హుసేన్‌బీ అనే ఆమె బట్టలు ఉతుకుతోంది. ఈయన పని వదిలేసి ఆ ఉతుకుడు బండ అంచునే చూస్తున్నాడు. గోడ దగ్గరికి పోయి అడిగాడు.

"అమ్మా, ఆ బండను ఒకసారి తిప్పి సూడొచ్చా?"

"ఏమప్పా, దాని కింద బంగారమేమన్నా ఉండాదా?"

"ఉంటే నీకే ఇచ్చిపోతాలేమ్మా."

ముగ్గురం కలిసి తిప్పాం. అడుగున అక్షరాలున్నాయి. సందుల్లో సబ్బు గట్టిపడి ఉంది. ఆయన ఊదాడు, సబ్బు కదలలేదు. కళ్లు మూసుకుని వేలితో చదివాడు. మీసాలు కూడా సరిగా రాని వయసులో తాను చెక్కిన రాయి. ఆ ఊరికి కాలువ తెస్తామని వేసిన రాయి. కాలువ రాలేదు. ఊరి పేరు మాత్రం లోతుగా అట్లాగే ఉంది.

"ఇది నీకు యాడ దొరికిందమ్మా?"

"చేను గట్టున నిలబెట్టి పోయినారు. మేకలు ఒళ్లు రుద్దుకోని రుద్దుకోని పడేసినాయి. మా ఇంటాయన బండిలో ఏసుకోనొచ్చె. మంచి రాయప్పా. ఎవురు చెక్కినారో గానీ నున్నగా ఉండాది."

తానేనని ఆయన చెప్పలేదు. "అవునమ్మా, మంచి రాయే" అన్నాడు.

"మళ్లా బోర్లించి పోండి. అచ్చరాలు పైకుంటే సబ్బు ఇరుక్కుంటాది" అంది ఆమె.

బోర్లించాం. తిరుగు బస్సు కోడుమూరు దాటింది. ఆ తర్వాత, "ఆ రాయి కత మొదులు నుంచి చెప్తే ఎంతసేపు పడతాది అయ్యవారూ?" అన్నాడు.

ఆయనకు ఏదైనా మొదలు నుంచి కావాలి. మనం సగంలో ఎత్తుకుంటే చెయ్యి అడ్డం పెట్టి, "మొదులు చెప్పప్పా, మొదులు" అనేవాడు.

అప్పటికే మాకొక జట్టు ఉంది. పేరు కంకర. ఆ జట్టుకు కారణం నేనే అని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. పంక్ అనే రాక్ సంగీతం గురించి. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. నాకు అర్థమైంది ఇది: కోపం నిజమైనదైతే వాయించడం రాకపోయినా ఆగనక్కర్లేదు. ఈ మాట అంగట్లో చెబితే ఆయన ఉలి కింద పెట్టాడు.

"కోపముండాది. వాయించేది రాదు. ఇంగేం కావాలప్పా?"

వేంపల్లె నుంచి వచ్చి కర్నూలులో ఆంప్లిఫయర్లు బాగుచేసే ఓబులేసు గిటారు పట్టుకున్నాడు. పెళ్లి ఊరేగింపుల్లో డ్రమ్ము వాయించే మస్తాన్ తన డ్రమ్ముతో వచ్చాడు. ఈయన పాడలేదు, అరిచాడు. ముప్పై ఏళ్లు రాతి దుమ్ము మింగిన గొంతు అది. మొదటిసారి విన్నప్పుడు అంగడి షెడ్డులో నా వెనకున్న బండలు కదిలాయనుకున్నాను.

హుసేన్‌బీ ఇంటి నుంచి వచ్చాక విడి పాటలు వద్దన్నాడు. ఒక రాయి కథ, ఒకే రికార్డు, మొదలు నుంచి చివరిదాకా. పేరు 'ఫలకం'. మొదటి వైపు నాలుగు పాటలు: గని, కోత, ఉలి, స్వాగతం. రెండో వైపు నాలుగు: ఎండ, మేకలు, బండి, ఉతుకు. పాతకాలం గ్రామఫోను మీద తిప్పే నల్ల రికార్డుగానే రావాలని పట్టుబట్టాడు. నగరాల్లో ఇప్పుడు మళ్లీ వాటిని కొనేవాళ్లున్నారని ఓబులేసు చెప్పాడు. రికార్డులో పాటను గాడిగా కోస్తారని నేను చదివింది చెప్పాను.

"అంటే చెక్కుతారా?"

"చెక్కుతారన్నా."

"అయితే అదే కావాల."

దానికి ఇంకో కారణం ఉంది. మొదటి వైపు చివరి పాట స్వాగతం. అందులో ఆయన ఫలకం మీది మాటలే అరుస్తాడు. గౌరవనీయులైన, గౌరవనీయులైన, గౌరవనీయులైన అని గొంతు చీలేదాకా. తర్వాత చప్పట్లు. అవి షెడ్డులో మేం నలుగురం కొట్టినవి. చప్పట్లతో ఆ వైపు అయిపోతుంది. ఇప్పుడు వినేవాడు లేవాలి. రికార్డును చేత్తో బోర్లించాలి.

"ఆ తిప్పేది గూడా పాటే అయ్యవారూ. హుసేన్‌బీ ఇంట్లో రాయి తిప్పినాం సూడు, అట్ల తిప్పాల. తిప్పినంక ఎండ. ఫోన్లో అయితే ఎవురు తిప్పుతారు?"

చివరి పాట ఉతుకులో మస్తాన్ డ్రమ్ము లేదు. హుసేన్‌బీ పెరటికే మైకు తీసుకుపోయాం. ఆమె అదే బండ మీద దుప్పటి బాదుతుంటే ఆ దెబ్బే తాళం. ఓబులేసు ఇంకోసారి, ఇంకోసారి అంటుంటే ఆమె దుప్పటి ఎత్తి చూపించింది. "ఎన్నితూర్లప్పా? ఇది జల్లెడైపోతాండాది!" ఆ మాట కూడా రికార్డులో ఉంది. ఆయన తీయనివ్వలేదు.

అట్ట మీద ఎవరి పేరూ వేయనివ్వలేదు. "రాయి మీద అందరి పేర్లూ ఉంటాయి. చెక్కినోడి పేరు ఉండాదా? నాకొద్దు. వాళ్ల పక్కన అసలొద్దు" అన్నాడు. మిగతా ఇద్దరూ సరేనన్నారు. నేను ఆయన పేరు రాయకపోవడానికి కారణం ఇదే. కోడుమూరులో పాట విన్నాక ఆయనెవరని ఇప్పుడు ఆరా తీస్తున్న పెద్దమనుషులకు నేను చెప్పేదీ ఇదే.

ఇక నా తప్పు.

రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ మరో దేశంలో ఉంది. మధ్యలో అంటించే గుండ్రటి లేబుళ్లు మమ్మల్నే తయారుచేసి పంపమన్నారు. ఇంగ్లీషు ఎ, బి అక్షరాలు వేయమని ఓబులేసు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తెలుగు రికార్డు మీద ఇంగ్లీషు అక్షరం ఎందుకని ఉపన్యాసం ఇచ్చాను. ఆయనకు నా మాట నచ్చింది. నా చేతిరాతతో మొదటి వైపు అని ఒకటి, రెండో వైపు అని ఒకటి రాశాను. అంకె కూడా వేయలేదు, అక్షరాల్లోనే రాశాను. అందంగా రాశాను. ఆ ఫ్యాక్టరీలో తెలుగు చదవగలిగేవాడు ఎవడుంటాడని నాకు తోచలేదు. వాళ్లు ఏదో ఒకవైపు అంటించారు. తారుమారైంది. మూడు వందల రికార్డులూ అంతే.

అంటే లేబుల్‌ను నమ్మి విన్నవాడికి కథ ఎండతో మొదలవుతుంది, మేకలు, బండి, ఉతుకు వస్తాయి. తర్వాత గని, కోత. చివర పెద్దలు వస్తారు, చప్పట్లు మోగుతాయి, అయిపోతుంది. ఊరికి కాలువ వచ్చినట్టే.

మేం చూసుకునేసరికి చాలా రికార్డులు చేతులు మారాయి. నగరంలో ఒక విమర్శకుడు దాన్ని తెగ మెచ్చుకున్నాడు. కథను వెనక్కి నడిపించిన సాహసమట. ఉతుకుడు బండ మళ్లీ ఫలకంగా పుట్టే కలట. ఆశతో ముగుస్తుందట. నేను ఆ కాగితాన్ని మురిసిపోతూ చదివి వినిపించాను. ఇంత పెద్ద మెప్పు వచ్చాక తప్పును ఒప్పుగా ఉంచేస్తే ఏం పోతుందని కూడా అన్నాను. ఆయన కాగితం లాక్కుని ఊదాడు, చదివాడు.

"ఆశా? యాడుండాదప్పా ఆశ? నేను యాడ పెట్టినా? హుసేన్‌బీ పెరట్లో కాలువ పారతాండాదా?"

నన్ను ఒక్క మాట అనలేదు. "లేబుల్ నువ్వు రాసినావు, సరే. సూడకుండా పంపింది నేను. చెక్కినోడు తడిమి సూడాల గదా" అన్నాడు. అది తిట్టినదానికంటే ఎక్కువైంది.

ఆ వారం నుంచి ఆయన బస్సులెక్కడం మొదలుపెట్టాడు. అన్నం డబ్బాలో సన్నమొన ఉలి ఒకటి పెట్టుకుని, రికార్డు కొన్నవాళ్ల ఊళ్లకు పోయేవాడు. పాటలైపోయాక, లేబుల్ చుట్టూ గాడి లేని నున్నటి పట్టీ ఉంటుంది. అక్కడ ఒకవైపు తెలుగు అంకె ఒకటి, ఇంకోవైపు రెండు చెక్కేవాడు. గోరంత అంకె. చెక్కి, ఊది, తడిమి, తిరిగి ఇచ్చేవాడు. కడప, నంద్యాల, హైదరాబాదు. బెంగళూరుకు నేనూ వెంట పోయాను.

అక్కడొక కుర్ర ఇంజనీరు రికార్డును పటం కట్టి గోడకు తగిలించాడు. ఉలి చూసి అడ్డం పడ్డాడు.

"వద్దు సార్, గీత పడితే దీని విలువ పోతుంది. ఇది ఒక్కసారి కూడా వేయని పీసు."

"వినలేదా?"

"ఎవరో ఎక్కించి పంపితే ఫోన్లో విన్నాను సార్."

"మరి దీన్ని ఎందుకు కొన్న్యావప్పా? గోడకు సున్నం లేకనా?"

ఆ అబ్బాయి నవ్వాడు, ఉలి మాత్రం తాకనివ్వలేదు. మెట్లు దిగుతూ ఆయన దగ్గాడు, నిలబడ్డాడు, మళ్లీ దగ్గాడు. అప్పటికే ఆ దగ్గు మామూలుది కాదు. ముప్పై ఏళ్లు ఊదిన దుమ్ములో ఎంత బయటికి పోయిందో, ఎంత లోపలికి పోయిందో ఏ ప్రారంభోత్సవ సభలో ఎవరు లెక్కపెట్టారు?

సగానికి పైగా రికార్డులు సరిచేశాడు. చివరికి మా ఇంటికి వచ్చాడు.

"నీది తీ అయ్యవారూ."

"నాకు తెలుసు కదన్నా, ఏ వైపు ముందో. నాదానికెందుకు?"

"నువ్వు పోయినంక?"

నేను నవ్వేశాను. నిజం చెప్పాలంటే నా రికార్డు మీద గీత పడడం నాకు ఇష్టం లేదు. నా చేతిరాత లేబుల్, నల్లగా మెరిసే పట్టీ. పుస్తకాల్లో పేజీ మూల మడిచేవాళ్లనే నేను క్షమించను. ఆయన ఉలిని మళ్లీ డబ్బాలో పెట్టుకున్నాడు. టీ తాగాడు. "బాగా రాసినావులే అచ్చరాలు" అని పోయాడు. బెంగళూరు కుర్రవాడిని తిట్టుకుంటూ వచ్చిన నేను, చేసింది సరిగ్గా అదే.

తర్వాత ఆరు నెలలకు ఆయన లేడు.

ఆయన పోయాక జిల్లా కళాకారుల కృషిని భద్రపరుస్తామని ఒక కమిటీ మనిషి వచ్చి రికార్డు అడిగాడు. ఓబులేసు, మస్తాన్‌ల దగ్గర ఉన్నవి ఉలి తగిలినవి. గీతల్లేని శుభ్రమైన ప్రతి నాదేనని గర్వంగా ఇచ్చాను. లేబుల్ చూసి వాళ్లు అదే వరసలో కంప్యూటరులోకి ఎక్కించారు. అందులోంచి చివరి పాట కోసి శంకుస్థాపనలో వేశారు.

గౌరవనీయులైన, గౌరవనీయులైన అని ఆయన గొంతు చీల్చుకుంటుంటే పెద్దలు చేతులు ఊపుతూ నడిచారు. మేం నలుగురం షెడ్డులో కొట్టిన చప్పట్లకు జనం నిజం చప్పట్లు కలిపారు. రాయి మీద గుడ్డ తీశారు. మిషను కోసిన అక్షరాలు, అన్నీ ఒకే లోతు. జనంలో ఉన్న నేను ఆ కమిటీ మనిషిని పట్టుకున్నాను.

"ఈ పాట ఈడ వేసేది కాదయ్యా! ఇది తిట్టు!"

"తిట్టేంది సారూ? గౌరవనీయులైన అంటాండాడు గదా. పైగా కత శంకుస్థాపనతోనే అయిపోతాది. శుభమే గదా."

"అది చివర కాదు, సగం! తర్వాత తిప్పాలి!"

"లేబుల్ మీద రెండో వైపు అని ఉండాదే? తెలుగులోనే ఉండాది. ఎవురు రాసినారో గానీ శానా సక్కగా రాసినారు సారూ."

ఇన్ని సంపుటాలు చదివిన నేను ఇంటిదారి పట్టాను.

రికార్డు వాపసు తెచ్చుకున్నాను. ఆయన భార్య దగ్గరికి పోయి ఆ సన్నమొన ఉలి అడిగితే, అన్నం డబ్బాతో సహా ఇచ్చింది. ఇంటికొచ్చి కూర్చుని నా రికార్డు మీద నేనే చెక్కాను. ఉలి రెండుసార్లు జారింది. ఒకటి అంకె వంకరగా వచ్చింది. రెండు అంకె ఫరవాలేదు. ఊదాను. కళ్లు మూసుకుని తడిమాను. వేలికి తెలుస్తోంది.

ఆ రికార్డు మీ దగ్గర ఉంటే లేబుల్‌ను నమ్మకండి. అది రాసింది నేను. లేబుల్ పక్కన అంకె ఉంటే దాన్ని నమ్మండి. లేకపోతే గనితో మొదలుపెట్టండి. చప్పట్లు ఆగాక లేచి, మీ చేత్తో తిప్పండి.

ఫలకాల మీద పేర్లు పెద్దవాళ్లతో మొదలవుతాయి. ఇక్కడ అలాంటివాళ్లు లేరు. నేను రాస్తున్నానని విని, నా తప్పును దాచొద్దన్న ఓబులేసుకు కృతజ్ఞతలు. ఆ చప్పట్లలో తన చేతుల చప్పుడు ఏదో ఇప్పటికీ గుర్తుపట్టగల మస్తాన్‌కు కృతజ్ఞతలు. అట్ట లేని పుస్తకాన్ని పారేయకుండా ఉంచిన గ్రంథాలయం సుబ్బరాయుడు గారికి, ఉలి ఇచ్చిన లక్ష్మీదేవమ్మకు కృతజ్ఞతలు.

చివరగా హుసేన్‌బీకి. ఆయన పోయిన సంగతి, కోడుమూరు సంగతి చెబుదామని మొన్న ఆమె ఇంటికి పోయాను. ఉతుకుతోంది. ఆయన పోయాడని వినగానే చేతిలో బట్ట పక్కన పెట్టి, తడిచేత్తో బండను ఒకసారి నిమిరింది. ఆ రాయి చెక్కింది ఆయనేనని అప్పుడే చెప్పాను. తర్వాత శంకుస్థాపన గురించి అంతా విని ఒకే మాట అడిగింది.

"వాళ్లు పెట్టిన ఆ కొత్త రాయి ఎంత పొడుగుండాదప్పా? మా కోడలికి ఒకటి కావాల."